చేయాలి, చేయవచ్చు

యశ్వంతపురం వెనక, మూడో అంతస్తు.
నా బల్ల మీద నాలుగు కొండలు,
ఒక్కొక్కటీ పెన్సిలంత సన్నం, జానెడు పొడవు.
బరమా తిప్పి చెట్టు కడుపులోంచి తీసిన పుల్లలు.
వాటికి నేను ఉప్పు కాగితం పడతాను.
మొదట గరుకుది, తర్వాత మెత్తనిది,
చివరికి నా చొక్కా చెయ్యి.
అప్పుడు గీతలు లేస్తాయి ఏడాదికొకటి,
పద్దు పుస్తకంలో పాత బాకీలు తేలినట్టు.

ఈ వారం పుల్లల వెంట మనుషులు కూడా వచ్చారు.
కిర్గిజ్ కొండల నుంచి ఐజాన్,
ఆమె గుడ్డ విప్పితే గదంతా మందుల పెట్టె వాసన.
నేపాల్ నుంచి దవా ఫుటీ, దగ్గుతూ,
"మీ ఊరు మరీ కిందుంది" అని నవ్వుతూ.
ఆస్ట్రియా నుంచి లియోన్‌హార్డ్,
మార్చి నెలలో గొడుగు తెచ్చుకున్నాడు.
పాడేరు పైనుంచి కొర్ర చిన్నమ్మి, టేకు పుల్లతో.
ఆమెకు తెలుగులో చెప్పడానికి నేను.
నాకు జీతం పుల్లలకు మాత్రమే.

నాలుగూ పక్కపక్కన పేర్చాం.
ఒకచోట మూడింటి గీతలు ఒకేసారి సన్నబడ్డాయి,
ఊపిరి బిగబట్టినట్టు.
మూడు దేశాలు, ఒకే కరువు,
ఎవరూ ఎవరికీ ఉత్తరం ముక్క రాసుకోకుండానే.
నాలుగోది, ఆల్ప్స్ కొండలది, ఆ ఏడు బొద్దుగా ఉంది.
లియోన్‌హార్డ్ తల దించుకున్నాడు,
ఊరంతా పస్తున్న రోజు తానొక్కడూ
మూతి తుడుచుకుంటూ దొరికిపోయినట్టు.
"పోనీలే, ఒకడైనా తిన్నాడు" అంది చిన్నమ్మి.
దాన్ని ఇంగ్లీషులో ఎలా పెట్టాలో తెలీక
భోజనానికి రమ్మంటోందన్నాను.

తర్వాత రెండు రోజులూ కాగితమే.
"ఎగువ అడవిని ఎగువవాళ్లూ దిగువవాళ్లూ కలిసి..."
ఆ వాక్యం తోక దగ్గర ఇరుక్కున్నారు.
కాపాడాలా? కాపాడవచ్చా?
తెర మీంచి ఒక రాజధాని "సొమ్మెవరిది?" అంది.
ఇంకో రాజధాని మైకు ఆపేసుకుంది.
సాంబారు తొరక కట్టింది.
నేను చిన్నమ్మికి వరసగా చెబుతూ పోయాను,
చేయాలి, చేయవచ్చు, చేయాలి, చేయవచ్చు,
గానుగ చప్పుడులా అనిపించిందో ఏమో
ఆమె కళ్లు మూసుకుంది.

మూడోరోజు పన్నెండింటికి కొళాయిలు ఆగిపోయాయి.
తలుపుకి చీటీ: నీరిల్ల.
కింద ట్యాంకరు వెనక్కి నడిచే పాట పాడుతూ వచ్చి
గేటులో పట్టక, పాడుకుంటూనే పోయింది.

పప్పు అంటిన చెయ్యి అలాగే గాల్లో పెట్టుకుని
అడిగింది చిన్నమ్మి:
"ఈ ఊరికి నీళ్లెక్కడివి?"
కావేరి, అన్నాను. వంద కిలోమీటర్ల అవతల.
మోటార్లు పెట్టి పైకి తోస్తారు.
"కావేరికో?"
కొడగు కొండలు. అక్కడి అడవి.
"ఆ కొండోళ్లకి చెప్పి తెచ్చుకున్నారా?"

ఇది మాత్రం తిన్నగానే అనువదించాను.
భోజనం మాట ఎత్తలేదు.
ఐజాన్ తన భాషలో ఏదో గొణుక్కుంది.
దవా దగ్గు ఆపుకుంది.
ఈ ఊరివాళ్లం, కాపలా శివలింగయ్యతో సహా,
చీటీ వంక చూశాం,
అందులో ఇంకేదైనా రాసుందేమోనని.

సాయంత్రానికి కాగితంలో పదిహేడు చోట్ల
"వచ్చు" అలాగే కూర్చుంది.
ఒక్కచోట, నీళ్ల వాక్యంలో,
"అడిగి తీసుకోవాలి" అని పడింది.
అది గెలుపో కాదో నాకు తెలీదు.
లియోన్‌హార్డ్ గొడుగు మర్చిపోయి వెళ్లాడు.
చిన్నమ్మి గుమ్మం దగ్గర ఆగి
"చెట్టుకి పెట్టిన చిల్లు మూశారా?" అంది.
తేనెమైనం పెట్టామన్నాను.
"మరైతే సరే" అని చెప్పులు తొడుక్కుంది.

ఇప్పుడు గది ఖాళీ.
అరచేతుల నిండా పుల్లల పొడి,
ఏది ఏ కొండదో విడదీయలేను.
చేతులు కడుక్కోవాలి.
కడుక్కోవచ్చు.
కొళాయి ఇంకా
ఏ మాటకీ ఒప్పుకోలేదు.